హాలు, నడవా, పూజగది: చేర్యాల, కలంకారీ, తంజావూరుల్లో ఏది ఏ గోడకి?

కొత్తగూడు:

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఫ్లాటు, కార్తీకంలో గృహప్రవేశం. గోడల మీదికి ప్రింట్లు వద్దు, చేత్తో వేసిన సంప్రదాయ చిత్రాలే పెట్టుకుందామని ఇంట్లో అందరం ఒక మాట మీద ఉన్నాం. ఏవి అన్న దగ్గరే మాట కలవట్లేదు. నాకు బట్ట మీద వేసే కలంకారీ, మావారికి చేర్యాల కథల పటం, అత్తయ్యగారికి చెక్క పలక మీద బంగారు రేకుతో చేసే తంజావూరు కృష్ణుడు. కొలతలు రాస్తున్నా, చూసి చెప్పండి.

సోఫా వెనక గోడ 11 అడుగుల వెడల్పు. సోఫా 7 అడుగులు, దాని వీపు నేల నుంచి 34 అంగుళాల ఎత్తు. ఎదురుగా పడమటి బాల్కనీ, గాజు తలుపు. మూడున్నర నుంచి ఐదున్నర దాకా ఎండ తిన్నగా ఈ గోడ మీదే పడుతుంది.
నడవా 4 అడుగుల వెడల్పు, గోడ పొడవు 9 అడుగులు. కిటికీ లేదు.
పూజగది 5 × 4 అడుగులు. దేవుడి వెనక గోడకి అవతల బాత్రూము.
డైనింగ్ గోడ ఓపెన్ కిచెన్‌కి ఆనుకునే ఉంది.

బడ్జెట్ ఫ్రేములతో కలిపి లక్ష. నకిలీ ఎలా కనిపెట్టాలో, అద్దం వేయించాలో వద్దో కూడా చెబితే పుణ్యం. ఇంకొకటి, హాల్లో కురుక్షేత్రం పెట్టకూడదంటున్నారు. నిజమేనా?

ఫ్రేముపని:

చిత్రం సంగతి కాసేపు పక్కన పెట్టి గోడల సంగతి చూద్దాం. మీ ముగ్గురూ అడిగిన మూడింటికీ శత్రువులు వేరు. కలంకారీకి ఎండ, తంజావూరుకి చెమ్మ, చేర్యాలకి నీళ్లూ మడతా. ఏ గోడకి ఏ జబ్బు ఉందో తేలితే మీ ఇంటి తగువు సగం దానంతటదే తీరుతుంది.

ముందు పూజగది గోడ. అడుగున్నర చదరపు పాలిథీన్ ముక్క తీసుకుని, గోడకి ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు పాలిథీన్ లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, ఆ మేర గోడ రంగు ముదిరినా చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం. బొట్లు బయటి వైపే ఉంటే అది గదిలో ఉన్న తేమ, గోడ తప్పు కాదు. కొత్త ప్లాస్టరింగ్ కూడా వారాల తరబడి నీరు వదులుతూనే ఉంటుంది కాబట్టి నడవాలోనూ ఒక ముక్క అంటించి చూడండి.

సోఫా గోడ కొలత. సోఫా వెడల్పులో మూడింట రెండొంతుల నుంచి ముప్పావు దాకా ఉంటే కంటికి ఆనుతుంది. మీ సోఫా 84 అంగుళాలు, అంటే ఫ్రేముతో కలిపి 56 నుంచి 63. అందరూ చేసే తప్పు, ఇంత గోడ మీద 24 అంగుళాల బొమ్మ ఒకటి తగిలించి, చుట్టూ ఖాళీ చూసి దిగులుపడి, పక్కన గడియారం పెట్టడం. 60 × 36 ఫ్రేము అనుకోండి. సోఫా వీపు మీద 7 అంగుళాలు వదిలితే ఫ్రేము అడుగు 41 దగ్గర మొదలవుతుంది, మధ్యభాగం 59 దగ్గరకి వస్తుంది. నేల నుంచి 57–60 మధ్య బొమ్మ నడుము ఉండాలన్నది లెక్క, సరిపోయింది.

ఇక బరువు. ఆ కొలతకి 3 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే దాదాపు పదిన్నర కిలోలు. అదే మందం యాక్రిలిక్ 5 కిలోల్లో అయిపోతుంది. యాక్రిలిక్ గీతలు పడుతుంది, పొడిగుడ్డతో రుద్దితే దుమ్ము లాగుతుంది, అయినా సోఫా మీద మనుషులు కూర్చునే చోటికి నేనైతే అదే వేస్తాను. ఈమధ్య ఫ్లాట్లలో లోపలి గోడలు ఏఏసీ అనే తేలిక బ్లాకులవి. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వాటిలో నెల తిరక్కుండా వదులవుతుంది, ఎందుకంటే బ్లాకు లోపల నిండా గాలి గదులే. ఏఏసీ బ్లాకులకని విడిగా మరలున్న నైలాన్ యాంకర్లు అమ్ముతారు, అవి అడగండి. డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా మామూలుగా తిప్పాలి, లేకపోతే రంధ్రం గుల్లవుతుంది. మేకులు రెండు ఉండాలి, ఒకే మేకు మీద ఫ్రేము ఎప్పుడూ ఒరుగుతుంది.

ఫ్రేము వెనక కింది రెండు మూలలకి పావు అంగుళం మందం రబ్బరు బిళ్లలు అంటించమనండి. గాలి ఆడుతుంది. గోడకి అతుక్కున్న ఫ్రేము వెనకే బూజు పుట్టేది.

స్వర్ణముఖి:

పైన చెప్పింది నిజం. దానికి ఒక లెక్క కలుపుతాను. మ్యూజియంలు రంగు బట్టల మీద 50 లక్సులు మించి వెలుగు పడనివ్వవు. ఆరుబయట నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మీకు పడేది సాయంత్రపు ఎండ, అదీ గాజులోంచి, ఎంత తగ్గినా వేల లెక్కే. ఆ గోడ మీద సహజ రంగుల కలంకారీ పెడితే ముందు పసుపు పోతుంది. పసుపు పోతే పసుపుతోనే ఆగదు. కలంకారీలో ఆకుపచ్చ విడిగా ఉండదు, పసుపు మీద నీలిమందు వేస్తే వచ్చేదే పచ్చ. కింద పసుపు వెలిసిపోగానే చెట్లు, చిలకలు, సీతమ్మ రవిక అన్నీ నీలం తిరుగుతాయి. పాత పటాల్లో నీలం ఆకులు కనిపిస్తే చిత్రకారుడి చిత్తం అనుకోకండి, ఎండ పని అది.

కాబట్టి ఆ గాజు తలుపుకి బ్లైండ్ గానీ మందపాటి తెర గానీ వేసి, మధ్యాహ్నం మూడింటికి దించే అలవాటు ఉంటేనే హాల్లో కలంకారీ. గాజు మీద యూవీ ఫిల్ము వేస్తే నష్టం నెమ్మదిస్తుంది, ఆగదు. కంటికి కనిపించే వెలుగు కూడా రంగు తింటుంది.

ఇక అసలు, నకిలీ. కలంతో గీసే శ్రీకాళహస్తి కలంకారీ పని ఎలా జరుగుతుందో తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో కొవ్వు వల్ల గీత పాకదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులిస్తే వచ్చేది కసిమి. వెదురు పుల్ల కొసన గుడ్డ చుట్టి దారంతో కట్టిందే కలం. కసిమి కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలిన చోట నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఎర్ర చెక్క రంగులో ఉడికిస్తే పటిక పట్టిన మేరే ఎరుపు నిలుస్తుంది. తర్వాత పారే నీళ్లలో ఉతుకు. పసుపు, నీలం ఆ తర్వాత.

ఇప్పుడు బట్ట చేతిలోకి తీసుకోండి. నల్ల గీత మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడాలి, ఎందుకంటే గుడ్డ ముద్దని వేళ్లతో నొక్కుతూ గీస్తారు, రసం అయిపోతూ వస్తుంది. మళ్లీ ముంచి అందుకున్న చోట చిన్న అతుకు కనిపిస్తుంది. తిరగేస్తే నలుపు వెనక్కి దిగి ఉండాలి, కాస్త లేతగా. వెనక తెల్లగా ఉంటే స్క్రీను ప్రింటు. అన్నిటికంటే మోసపోయేది సగం సగం సరుకుతో. గీత స్క్రీనుతో కొట్టి, రంగు చేత్తో నింపుతారు. దానికి మందు ఒకటే. అదే డిజైను ఇంకో ముక్క చూపించమనండి. రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే కనుముక్కు తీరు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతే చేతి గీత కాదు. గులాబీ, ఊదా, మెరిసే నారింజ ఉంటే రసాయన రంగు. బొమ్మ కింద తెలుగు అక్షరాలు ఉంటే ఒత్తులూ గుణింతాలూ చదవండి, అదీ ఒక పరీక్షే.

మచిలీపట్నం వైపు, పెడనలో అచ్చులతో వేసే కలంకారీ వేరే సంప్రదాయం, తక్కువది కాదు. దిండు గలీబులకి, తెరలకి హాయిగా ఉంటుంది. అచ్చు పనిని పట్టుకుని ‘పెన్ను కలంకారీ’ అని ఆ ధర చెబితే మాత్రం ఒప్పుకోకండి. కొన్ని అంగుళాలకోసారి అదే పువ్వు వస్తుంది, అచ్చు అచ్చు కలిసే చోట గీత కాస్త తప్పుతుంది.

కురుక్షేత్రం గురించి. పెట్టకూడదన్నది నమ్మకం, అది మీ ఇంటి పెద్దల ఇష్టం. చిత్రం వైపు నుంచి చూస్తే నా అభ్యంతరం వేరు. యుద్ధ ఘట్టంలో వందల చిన్న బొమ్మలుంటాయి. సోఫా మీద పెడితే చూసేవాళ్లు పది అడుగుల దూరంలో ఉంటారు, ఎర్రగా నల్లగా ఏదో గందరగోళం తప్ప ఏమీ తెలియదు. అక్కడికి పెద్ద బొమ్మ ఒకటే కావాలి, గజేంద్రమోక్షమో, పట్టాభిషేకమో. కథ చెప్పే చిన్న గడుల పటం దగ్గరగా నిలబడి చదివే చోట ఉండాలి.

కొత్తగూడు:

చాలా థాంక్స్ అండి. బ్లైండ్ వేయిస్తాం, అది ఎలాగూ కావాలి. కలంకారీకి అద్దం పెడితే బట్ట ఊపిరాడదనీ, కర్ర దూర్చి తెరలా వేలాడదీయాలనీ షాపులో అన్నారు. ఏది రైటు?

ఫ్రేముపని:

అద్దమే. ఓపెన్ కిచెన్ ఉన్న ఇంట్లో నూనె పొగ గాల్లో తిరుగుతూనే ఉంటుంది, బట్ట దాన్ని పీల్చుకుంటుంది, దాని మీద దుమ్ము కూర్చుంటుంది, ఏడాదికి జిడ్డు గుడ్డ అవుతుంది. ఉతకడానికి అది దుప్పటి కాదు.

స్వర్ణముఖి:

ఫ్రేముపని గారితో ఇక్కడ కాస్త విభేదిస్తాను. 5 అడుగులు దాటిన పటాలకి కర్రే మేలు, అంత పెద్ద అద్దం కింద బట్ట వర్షాకాలంలో సాగి అలలు తిరుగుతుంది. పై అంచు వెనక అస్తరు గుడ్డతో గొట్టంలా కుట్టించి అందులో కర్ర దూర్చాలి, బొమ్మ ఉన్న బట్టకే రంధ్రాలు చేసి రింగులు వేయకూడదు. బరువంతా ఆ రింగుల దగ్గరే పడి చిరుగుతుంది. వంటగది పొగ మాట మాత్రం ఒప్పుకుంటున్నా, మీ ఇంటికి ఫ్రేమే నయం.

ఫ్రేము కట్టించేటప్పుడు జాగ్రత్త. బట్టని ఫెవికాల్‌తో అట్టకి అతికించనివ్వకండి, ఎంత బతిమాలినా. జిగురు రెండు మూడేళ్లలో పసుపు మరకగా పైకి వస్తుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. తెల్ల నూలు గుడ్డ చుట్టిన బోర్డు మీద అంచుల వెంట సూదితో కుట్టాలి. అందుకే ఆర్డరిచ్చేటప్పుడే చుట్టూ రెండంగుళాలు బొమ్మ లేకుండా వదలమని చెప్పాలి. 60 × 36 ఫ్రేములో ఒకటిన్నర అంగుళం బద్ద, 3 అంగుళాల మౌంటు (బొమ్మ చుట్టూ వదిలే ఖాళీ అంచు) పోతే లోపల మిగిలేది 51 × 27. బట్ట 55 × 31 ఉండాలి. ఈ నాలుగు అంకెలూ రాసి ఇవ్వండి, ఫోన్లో చెబితే ఫ్రేము కొలతకే బొమ్మ వేసి పంపుతారు, అంచులో లతలన్నీ బద్ద కిందికి పోతాయి. అద్దానికీ బట్టకీ మధ్య పావు అంగుళం ఎడం ఉండేలా స్పేసర్ వేయించండి.

మడత పెట్టి పంపుతానంటే వద్దనండి, గొట్టానికి చుట్టి పంపమనండి. కసిమిలో ఇనుము ఉంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ నల్ల గీత ఉన్న చోట నూలు పెళుసవుతుంది, మడత సరిగ్గా గీత మీద పడితే అక్కడే తెగుతుంది.

కార్తీకానికి కావాలంటే ఈపాటికే చెప్పి ఉండాలి. ఉతుకు, ఆరబెట్టడం అన్నీ ఎండ మీద ఆధారపడ్డవి, ముసురు పడితే పని ఆగుతుంది. తొందరపెడితే ఉతుకులే తగ్గుతాయి, ఆ పటం పాల కంపు కొడుతూ ఇంటికొస్తుంది.

పటంకథ:

నడవా మీవారికి వదిలేయండి. చేర్యాలకి అంతకంటే మంచి చోటు లేదు. కిటికీ లేదు, ఎండ లేదు, మనిషి మూడడుగుల దూరంలో నడుస్తాడు. ఈ పటాలు పుట్టిందే ఒక్కో గడి చూపిస్తూ కథ చెప్పడానికి.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, వేసేవాళ్లు నకాషీలు. పాత రోజుల్లో పటం మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు, పై నుంచి కిందికి కథ. ఒక్కో కులానికి ఒక్కో పురాణం ఉండేది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, గౌడులకి గౌడ పురాణం, గొల్లలకి కాటమరాజు కథ, ఇలా. ఇప్పుడు దొరికే వాటిలో ఎక్కువ రామాయణం, కృష్ణలీలలు, బోనాలు, పల్లె పనులు. మీ ఇంటి వాళ్ల పురాణం ఏదో అడిగి అదే వేయించుకుంటే నాకైతే ముచ్చటేస్తుంది. బోనాల బొమ్మ ప్రతి ఇంట్లో ఉంది.

9 అడుగుల గోడకి నిలువు పటం ఒకటి కాకుండా నాలుగు విడి బొమ్మలు వేయించండి. ఒక్కో ఫ్రేము బయటి వెడల్పు 20 అంగుళాలు, మధ్యలో 3 అంగుళాల ఎడం. మొత్తం 89 అవుతుంది, గోడ 108 కాబట్టి రెండు పక్కలా తొమ్మిదిన్నర మిగులుతుంది. కథ ఎడమ నుంచి కుడికి. నాలుగూ ఒకే చేతితో, ఒకేసారి వేయించాలి. విడివిడిగా కొంటే వెనక నేల ఎరుపు నాలుగు రకాలుగా వస్తుంది, గోడ మీద పక్కపక్కన పెట్టినప్పుడు పంటి కింద రాయిలా తగులుతుంది. గోడకి గచ్చకాయ రంగు, మీగడ రంగు నప్పుతాయి. లేత గులాబీ, పీచ్ గోడ మీద ఆ ఎరుపు మురికిగా కనిపిస్తుంది.

నిజమైనదో కాదో చూడాలంటే బొమ్మని కంటి ఎత్తులో పడుకోబెట్టి, దీపం వెలుగు పక్క నుంచి పడేలా చూడండి. ఖద్దరు గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి, గంజి, జిగురు కలిపిన పూత మూడు సార్లు పడుతుంది. ఆ పూత కింద నేత కొద్దిగా తెలుస్తుంది, పైన నల్ల గీతలు రంగుల మీద లేచి ఉంటాయి, ఎందుకంటే సన్నగీత అన్నిటికంటే చివర వస్తుంది. ప్రింటు అయితే అంతా ఒకే మట్టం. రంగులు మాత్రం ఇప్పుడు చాలామంది కొనుక్కొచ్చిన నీటి రంగులే వాడుతున్నారు, అది మోసం కాదు. రాతి రంగులే కావాలంటే ముందే అడగాలి.

పూతలో ఉన్నదంతా తినే పదార్థమే కదా. బొద్దింకలకీ పుస్తకాల పురుగులకీ పండగ. ఫ్రేము వెనక అట్ట అంచుల చుట్టూ ఖాళీ లేకుండా కాగితం టేపు వేయించండి. తడి గుడ్డ పొరపాటున కూడా తగలకూడదు, గంజీ జిగురూ కరిగి రంగు లేచొస్తుంది. పని మనిషికి ఇది మొదటి రోజే చెప్పాలి. చుట్టి తెచ్చుకోవలసి వస్తే బొమ్మ వైపు బయటికి ఉండేలా, 4 అంగుళాల లావు గొట్టానికి చుట్టాలి. అందరూ బొమ్మ పాడవుతుందని లోపలికి చుడతారు. అలా చుడితే పూత నలిగి పెచ్చులు లేస్తుంది.

మక్కు:

అత్తయ్యగారి కృష్ణుడి తరఫున ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. తంజావూరు చిత్రం మనకి పరాయిదేమీ కాదు, విజయనగరం పడిపోయాక రాయలసీమ నుంచి వలస వెళ్లిన తెలుగు చిత్రకారుల, ముఖ్యంగా రాజు కులం వాళ్ల చేతుల్లో పెరిగిందే.

అడుగున చెక్క పలక. పూర్వం పనస చెక్క, ఇప్పుడు ఎక్కువగా ప్లైవుడ్. దాని మీద గుడ్డ అతికించి, సుద్ద పూసి, నున్నగా రుద్ది, బొమ్మ గీసి, నగలూ స్తంభాలూ లేచి రావడానికి సుద్ద, జిగురు కలిపిన మక్కు పెట్టి, దాని మీద 22 క్యారెట్ల బంగారు రేకు అతుకుతారు. అంటే చెక్క, గుడ్డ, సుద్ద, రేకు. చెమ్మ తగిలితే చెక్క ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. సుద్ద ఉబ్బదు, ముడుచుకోదు. మరేం చేస్తుంది? పగులుతుంది. మొదట కిరీటం దగ్గరో హారం దగ్గరో వెంట్రుక లాంటి గీత వస్తుంది, తర్వాత రేకుతో సహా లేస్తుంది. అందుకే బాత్రూము గోడ అన్న మాట వినగానే గుండె గుభేలుమంది.

పూజగదిలో ఇంకో చిక్కు దీపం. 4 అడుగుల లోతు గదిలో దీపానికీ చిత్రానికీ మూడడుగుల ఎడం దొరకదు. నూనె మసి, అగరుబత్తి పొగ, కర్పూరం కలిసి అద్దం మీద గోధుమరంగు పొర కడతాయి. అద్దం తుడవచ్చు, సందుల్లోంచి లోపలికి పోయిన మసిని తుడవలేరు. నన్నడిగితే పూజగదిలో ఎప్పటి పటాలే ఉంచి, కృష్ణుణ్ణి గది గుమ్మం పక్కన, హాలు వైపు గోడకి పెట్టండి. 24 × 18 సరిపోతుంది. పైన సన్నటి ఎల్‌ఈడీ, 2700 లేక 3000 కెల్విన్. తెల్లటి ట్యూబులైటు కింద బంగారం పాలిపోతుంది, పసుపు వెలుగులోనే దాని కళ.

కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు. రేకు ఎన్ని క్యారెట్లు, బిల్లు మీద రాస్తారా? ప్లైవుడ్ నీళ్లకి ఆగే రకమా? మక్కు అంతటా ఉందా, కొన్ని చోట్లే ఉండి మిగతాది బంగారు రంగు పెయింటా? అద్దానికీ రాళ్లకీ మధ్య ఎడం ఎంత? నిజం రేకు ఎన్నేళ్లయినా నల్లబడదు. ఇత్తడి రేకు తేమకి పచ్చగా, తర్వాత నల్లగా తిరుగుతుంది, దాన్ని బాగుచేసే మార్గం కొత్తది వేయడమే. అద్దం రాళ్లకి తగులుతూ ఉంటే బిగించినప్పుడే మక్కు చిట్లుతుంది. అద్దం తుడిచే ద్రావకం గుడ్డ మీద కొట్టి తుడవండి, అద్దం మీద కొడితే జారి ఫ్రేము సందులోంచి చెక్కకి చేరుతుంది.

ఫ్రేముపని:

డైనింగ్ గోడకి నిర్మల్ చిత్రం చూడండి, దాని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గట్టి బోర్డు మీద డ్యూకో పెయింటుతో (కార్లకి వేసే రకం మెరుపు రంగు) వేస్తారు, ఎక్కువగా నల్లటి నేల మీద. అద్దం అక్కర్లేదు, పొగ జిడ్డు పడితే బాగా పిండిన మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిచేయొచ్చు. లైటు ఎదురుగా పడితే మెరుపులో బొమ్మ కనపడదు, తగిలించే ముందు రాత్రి పూట లైటు వేసి చూసుకోండి. కొంతమంది డైనింగ్‌కి రవివర్మ పాత ముద్రణలు పెడతారు. 1894లో మొదలైన ఆయన ప్రెస్సు కాగితం ఇప్పటికే గోధుమరంగు తిరిగి ఉంటుంది, వంటింటి పక్కన దాని ఆయుష్షు ఇంకా తగ్గించొద్దు.

డల్లాస్‌వాసి:

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. ఇవే చిత్రాలు అమెరికా తీసుకెళ్లాలంటే? సంక్రాంతికి వస్తున్నాం.

పటంకథ:

కలంకారీ, చేర్యాల రెండూ ఫ్రేము లేకుండా గొట్టంలో తీసుకెళ్లండి, ఫ్రేము అక్కడే కట్టించుకోండి. తంజావూరు చుట్టలేరు కాబట్టి పలకని అద్దం లేకుండా, మక్కుకి తగలని విధంగా నాలుగు అంచులకీ థర్మాకోల్ బద్దలు పెట్టి ప్యాక్ చేయించాలి. కార్గోలో పంపితే ముడి చెక్క పెట్టె మీద, పురుగు పోయేలా వేడితోనో మందుతోనో శుద్ధి చేసినట్టు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. ప్లైవుడ్ పెట్టెకి ఆ గొడవ లేదు. వందేళ్లు దాటిన పటం ఏదైనా దేశం దాటించడం చట్టవిరుద్ధం, తాతల నాటిది ఇంట్లో ఉంటే అక్కడే ఉంచండి.

మక్కు:

చలికాలం హీటరు నడిచే ఇంట్లో తంజావూరుకి చెమ్మకి బదులు పొడి గాలి శత్రువు, పగుళ్లు మాత్రం అవే. హీటరు గాలి వచ్చే జాలీకి ఎదురుగా వద్దు. గదిలో తేమ 45–55 శాతం ఉండేలా చూసుకోండి. అక్కడి జిప్సం గోడల్లో స్టడ్లు, అంటే లోపలి నిలువు దూలాలు, మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, బరువైన పలక మేకు స్టడ్డులోకే దిగాలి.

కొత్తగూడు:

పాలిథీన్ విప్పాం. పూజగదిలో లోపలి వైపు బొట్లు కట్టింది, నడవా పొడిగా ఉంది. కృష్ణుడు గుమ్మం పక్కకి వస్తున్నాడు, అత్తయ్యగారు ఒప్పుకున్నారు. హాల్లో గజేంద్రమోక్షం, నడవాలో మార్కండేయ పురాణం నాలుగు గడులు. డైనింగ్ ప్రస్తుతానికి ఖాళీ. బిల్డర్‌ని చెమ్మ గురించి ఏమని అడగాలి?

ఫ్రేముపని:

బాత్రూము వైపు టైల్సు సందులు, షవర్ పైపు అతుకులు, నేల మూల వాటర్‌ప్రూఫింగ్ చూడమనండి. బాత్రూము రెండు రోజులు వాడకుండా వదిలి మళ్లీ పాలిథీన్ అంటించండి. అప్పుడూ బొట్లు వస్తే గోడ ఇంకా ఆరకపోయి ఉండొచ్చు, గోడలో పైపు కారుతూ కూడా ఉండొచ్చు, ప్రెషర్ టెస్టు చేయించమని పట్టుబట్టండి. రాకపోతే చాలావరకు టైల్సు సందుల్లోంచి దిగుతున్న నీరే అయి ఉంటుంది. ఆ గోడకి లప్పం పెట్టి పైన రంగేసి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు, ఆరు నెలల్లో పెచ్చులు ఊడతాయి.